ఇంజిన్ ఆయిల్ మనమే మార్చుకుంటే: ఎక్కడ జాగ్రత్త, ఎక్కడ అనవసరపు టెన్షన్

కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో ఆదివారం ఉదయం జరిగిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాదంతా ఆయన మాట్లాడినట్టే ఉంచాం.

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? ఆ మూల ఫ్యాన్ ఒక్కటి ఆపండి బాబూ, మైకులో గాలి చప్పుడే ఎక్కువ వస్తోంది. ఆఁ, ఇప్పుడు బాగుంది.

ముందు మిమ్మల్ని చేతులెత్తమంటాను, మొహమాటపడకండి. మీ కారుకి ఇంజిన్ ఆయిల్ మీరే మార్చుకున్నవాళ్లు ఎంతమంది? కొద్దిమందే ఉన్నారు. సరే, మార్చుకుందామని వీడియోలన్నీ చూసి, పానాలు కూడా కొని, ఆఖరి నిమిషంలో భయమేసి మానుకున్నవాళ్లు? చూడండి, సగం హాలు చేతులు లేచాయి. నేను వచ్చింది మీకోసమే.

నేను వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైరైనవాణ్ని. సొంతంగా ఆయిల్ మార్చబోయి, ఏదో తేడా వచ్చి, బండిని కట్టి లాక్కొచ్చినవాళ్లని చాలామందిని చూశాను. అందరి కథా ఒకటే. మనం టెన్షన్ పడేది ఒకచోట, బండి దెబ్బతినేది ఇంకోచోట. సింథటిక్ వెయ్యాలా, మినరల్ వెయ్యాలా, ఏ కంపెనీది మంచిది, ఇంత నల్లగా ఉందేంటి, వీటి గురించి రాత్రంతా ఫోన్ చూస్తారు. కింద ఆయిల్ నిలిచే చాంబర్ నట్టు ఎంత బిగించాలని అడిగినవాళ్లు నాకు చాలా తక్కువమంది తగిలారు. ఫిల్టర్ రబ్బరు గురించి అడిగినవాళ్లు ఇంకా తక్కువ. ఇంజిన్లు పోయేది వీటివల్లే. అందుకని ఈ పూట భయపడాల్సిన వాటి గురించి ఎక్కువ చెబుతాను, అక్కర్లేనివి తొందరగా దాటేస్తాను.

ఒక మాట. బండి ఇంకా వారంటీలో ఉంటే ఈ పని పెట్టుకోకండి, వారంటీ అయ్యేదాకా కంపెనీ సర్వీసులోనే చేయించుకోండి. రేపు ఇంజిన్‌లో ఏదైనా వస్తే వాళ్లు మొదట అడిగేది సర్వీస్ రికార్డే. వారంటీ అయిపోయిన బండి అయితే నిశ్చింతగా చేసుకోవచ్చు. అప్పుడు కూడా ఆయిల్ బిల్లు, ఫిల్టర్ బిల్లు దాచుకుని, తేదీ, కిలోమీటర్లు ఒక పుస్తకంలో రాసుకోండి. అమ్మేటప్పుడు పనికొస్తుంది.

ఎన్ని కిలోమీటర్లకి మార్చాలి? మన దగ్గర చాలా పెట్రోల్ కార్లకి, బండితో పాటు ఇచ్చే పుస్తకంలో 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అని ఉంటుంది. అందరూ అది చదివి ఆగిపోతారు. అదే పుస్తకంలో ఇంకో పట్టిక ఉంటుంది, కఠిన పరిస్థితుల్లో నడిపే బండ్లకి అని. దుమ్ము, చిన్న చిన్న ట్రిప్పులు, ఎక్కువసేపు నిలబడి ఇంజిన్ ఆన్‌లో ఉండటం, ఇవన్నీ అందులో రాసి ఉంటాయి. ఇప్పుడు చెప్పండి, కేపీహెచ్‌బీ నుంచి హైటెక్ సిటీకి దూరమెంత? పది కిలోమీటర్లు కూడా లేదు. సాయంత్రం ఆరింటికి ఎంతసేపు పడుతుంది? ఆఁ, మీరే నవ్వుతున్నారు. ఆ సేపంతా ఇంజిన్ తిరుగుతూనే ఉంది, ఆయిల్ కాగుతూనే ఉంది, మీటరు మాత్రం పది కిలోమీటర్లు కూడా కదల్లేదు. ఔటర్ రింగ్ రోడ్డు మొత్తం చుట్టొస్తే 158 కిలోమీటర్లు, ఆ 158 వేరు, మన సిగ్నళ్ల మధ్య 158 వేరు. అందుకే సిటీలోనే తిరిగే బండికి ఆ రెండో పట్టిక చూడండి. చాలా పుస్తకాల్లో అది సగానికి సగం తగ్గుతుంది.

జాకీ మీద నమ్మకం వద్దు

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఆయిల్ తప్పు పోస్తే ఇంజిన్ పోతుంది, డబ్బు పోతుంది. జాకీ జారితే మనిషి పోతాడు. ఈ ఒక్కటీ గట్టిగా చెబుతాను, రెండుసార్లు చెబుతాను. డిక్కీలో స్టెప్నీతో పాటు ఇచ్చే జాకీ టైరు మార్చుకోవడానికి మాత్రమే. దాన్ని నమ్మి బండి కిందకి తల పెట్టకండి. మళ్లీ చెబుతున్నాను, జాకీని నమ్మి బండి కిందకి తల పెట్టకండి. హైడ్రాలిక్ జాకీ అయినా అంతే, లోపల ఆయిల్ సీలు ఒకటి పోతే మెల్లగా దిగిపోతుంది.

ఇంకేం చెయ్యాలి? బండి బరువు మోసే స్టాండ్లు ఒక జత కొనండి. జాకీతో ఎత్తి, పుస్తకంలో చూపించిన చోట స్టాండ్లు పెట్టి, బండి బరువంతా స్టాండ్ల మీదకి దించాలి. వెనక చక్రాలకి ముందూ వెనకా చెక్క ముక్కలు పెట్టాలి, హ్యాండ్‌బ్రేక్ వెయ్యాలి. తర్వాత బండిని చేత్తో గట్టిగా అటూ ఇటూ ఊపి చూడండి. ఊగి పడేది ఏదైనా ఉంటే మీరు బయట ఉన్నప్పుడే పడనివ్వండి. మన అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కుంది. సెల్లార్‌లో కొన్నిచోట్ల నున్నటి గచ్చు, కొన్నిచోట్ల టైల్స్, కొన్నిచోట్ల నీళ్లు పోవడానికి వాలు. వాలు ఉన్నచోట, ర్యాంపు దగ్గర ఈ పని వద్దే వద్దు. ఎంత చెప్పినా ర్యాంపు మీదే పెడతారు, కింద కాస్త ఎత్తు దొరుకుతుందని. వద్దండీ. ఇంకొకటి, ఇంట్లో ఎవరికైనా చెప్పి కిందకి వెళ్లండి, పక్కన ఒక మనిషి ఉంటే మరీ మంచిది.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, నడుం వంగనివాళ్లు ఉన్నారు కదా, మీకు ఇంకో దారుంది. పైనుంచే, ఆయిల్ మట్టం చూసే పుల్ల ఉంటుంది కదా, ఆ డిప్‌స్టిక్ గొట్టంలోంచి సన్నటి పైపు దింపి ఆయిల్‌ని లాగేసే పంపు దొరుకుతుంది. చాలా బండ్లకి అది బాగానే పనిచేస్తుంది, కిందకి దూరే పనే లేదు. ఫిల్టర్ కూడా పైనుంచి అందే బండి అయితే అసలు జాకీయే అక్కర్లేదు. ఎత్తుగా ఉండే ఎస్‌యూవీలకి కొన్నిటికి జాకీ లేకుండానే చెయ్యి పడుతుంది, ముందు వంగి చూసుకోండి.

ఆయిల్ ఎంత వేడి మీద తియ్యాలి? గోరువెచ్చగా ఉంటే చాలు. చల్లారిన ఇంజిన్‌ని మూడు నాలుగు నిమిషాలు ఆన్ చేసి ఆపితే ఆయిల్ కాస్త పలచబడి మురికితో సహా దిగుతుంది. మూసి ఉన్న సెల్లార్‌లో మాత్రం ఇంజిన్ ఆన్‌లో ఉంచి అక్కడే నిలబడకండి, ఆ పొగ మంచిది కాదు. లాంగ్ డ్రైవ్ నుంచి వచ్చీ రాగానే నట్టు విప్పితే చెయ్యి కాలుతుంది. పక్కనే సైలెన్సర్ పైపు ఉంటుంది, అది ఇంకా ఎక్కువ కాలుస్తుంది. నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి. పాత ఆయిల్ చర్మానికి మళ్లీ మళ్లీ అంటితే క్యాన్సర్ ముప్పు ఉంటుందని వైద్యులే చెబుతారు. మా వర్క్‌షాప్ పిల్లలు వట్టి చేతులతోనే చేసేవాళ్లు, వాళ్లని తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

నట్టు, వాషరు, రబ్బరు రింగు

కిందకి దూరే ముందే నాలుగు వస్తువులు పక్కన పెట్టుకోవాలి. కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్, నట్టుకి కొత్త వాషరు, పాత ఆయిల్ మొత్తం పట్టే టబ్బు. పాత ఫిల్టర్, కొత్త ఫిల్టర్ ఒకటేనా, రబ్బరు సైజు కలిసిందా అని ముందే పోల్చి చూసుకోండి. ఆయిల్ మొత్తం దింపేశాక ఫిల్టర్ తప్పని తెలిస్తే ఏం చేస్తారు? బండి కదలదు. ఆదివారం రాణిగంజ్ పోతే చాలా షాపులు మూసే ఉంటాయి.

ఇప్పుడు నట్టు. కింద రెండు నట్లు కనిపిస్తాయి కొన్ని బండ్లకి, ఇంజిన్ చాంబర్‌ది ఒకటి, గేర్‌బాక్స్‌ది ఒకటి. ఇక్కడ పడే దెబ్బ పెద్దది, వినండి. మియాపూర్ వైపు నుంచి ఒక కుర్రాడు బండి లాక్కొచ్చాడు, ఆటోమేటిక్ బండి. ఆయిల్ మార్చాను, తర్వాత బండి ముందుకు పోవట్లేదు, ఇంజిన్ లోంచి పొగ వస్తోంది అన్నాడు. చూస్తే, గేర్‌బాక్స్ నట్టు విప్పి గేర్ ఆయిల్ మొత్తం దింపేశాడు. ఇంజిన్‌లో పాత ఆయిల్ పాతదే ఉంది, దానిమీద కొత్తది మూడున్నర లీటర్లు పోశాడు. అక్కడ ఖాళీ, ఇక్కడ డబుల్. దిగిన ఆయిల్ ఏ రంగులో ఉంది బాబూ అనడిగితే, ఎర్రగా పలచగా వచ్చింది, ఆయిల్ బాగానే ఉందే అనుకున్నాను అన్నాడు. వేల కిలోమీటర్లు తిరిగిన ఇంజిన్ ఆయిల్ ఎర్రగా రాదండీ, గోధుమ రంగో నలుపో అవుతుంది. రంగు తేడాగా వస్తే అక్కడే ఆపండి. ఇంజిన్ స్టార్ట్ చెయ్యకండి, బండిని కదపకండి. పోయింది గేర్ ఆయిల్ ఒక్కటే అయితే అది మళ్లీ కొలతగా పోస్తే సరిపోతుంది. నడిపితేనే గేర్‌బాక్స్ పోతుంది.

నట్టు విప్పడానికి ఆరు మూలల సాకెట్ కానీ, సరిగ్గా పట్టే రింగు పానా కానీ వాడండి. రెండు పెదాల పానా పెట్టి లాగితే మూలలు అరిగి నట్టు గుండ్రంగా అయిపోతుంది, తర్వాత ఏ పానా పట్టదు. వెల్లకిలా పడుకుని పైకి చూస్తున్నప్పుడు కుడి ఎడమ తికమక అవుతుంది, విప్పుతున్నాననుకుని బిగించేవాళ్లున్నారు. నట్టు తల మీకు ఎదురుగా ఉన్నట్టు చూసుకుని, గడియారం ముల్లుకి ఎదురు తిప్పాలి. వదులయ్యాక వేళ్లతో తిప్పుతూ పైకి నొక్కిపట్టి, ఆఖరి చుట్టులో ఒక్కసారిగా పక్కకి లాగాలి. ఆయిల్ మొదట తిన్నగా కింద పడదు, ధారగా పక్కకి ఎగజిమ్ముతుంది, నిండుగా ఉంటుంది కదా లోపల. టబ్బు ఆ వైపు పెట్టాలి. ధార సన్నబడేకొద్దీ దగ్గరికి వస్తుంది, అప్పుడు టబ్బు జరపాలి. సెల్లార్ పాడైంది, వాచ్‌మన్ గొడవపడ్డాడు అని చెప్పేవాళ్లంతా ఈ రెండు విషయాల దగ్గరే పొరబడ్డారు. కింద అట్టపెట్టె విప్పి పరచండి, దానిమీద టబ్బు పెట్టండి.

ఇక బిగించడం. చాలా కార్లలో చాంబర్ అల్యూమినియంది, నట్టు ఉక్కుది. ఏది గెలుస్తుంది? ఉక్కే గెలుస్తుంది. అతిగా బిగిస్తే పోయేది చాంబర్ థ్రెడ్డే, అంటే నట్టు పట్టే మరలే. చాలా చిన్న కార్లకి ఈ నట్టు బిగింపు 30 నుంచి 40 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ బండి లెక్క పుస్తకంలోనో సర్వీస్ మాన్యువల్‌లోనో చూసుకోండి. 35 అనుకుందాం. ముప్ఫై సెంటీమీటర్ల పానా చివర పట్టుకుంటే ఎంత బలం పెట్టాలి? పన్నెండు కిలోల బరువు వేలాడదీసినంత. అంతే. అంతేనండీ. దీనికి పైపు తొడిగి లాగేవాళ్లని చూశాను, పానా మీద కాలు పెట్టి తొక్కేవాళ్లని చూశాను. ఆయిల్ కారుతుందేమోనని భయం. ఆ భయమే థ్రెడ్ తీసేస్తుంది, తర్వాత నిజంగానే కారుతుంది.

కారకుండా ఆపేది బిగింపు ఒక్కటే కాదు, ఆ వాషరు కూడా. రాగిదో అల్యూమినియందో చిన్న వాషరు, ఇదిగో, చూడండి. కొత్తది ఇది, పాతది ఇది. పాతదానిమీద వేలు పెట్టి చూడండమ్మా, అటు పాస్ చెయ్యండి. గాడి తెలుస్తోందా? ఒకసారి నలిగి ఆ నట్టుకి సరిపోయేలా కూర్చుంది, మళ్లీ అదే వేస్తే అంత బాగా కూర్చోదు. ప్రతిసారీ కొత్తది వెయ్యాలి, దాని ఖరీదు ఎంతని. నట్టుని మొదటి నాలుగైదు చుట్లు వేళ్లతోనే తిప్పాలి. వేళ్లతో తిరగకపోతే థ్రెడ్ అడ్డంగా ఎక్కుతోందన్నమాట, తీసి మళ్లీ పెట్టండి. పానా పట్టాక ఎంత తిప్పినా గట్టిపడకుండా తిరుగుతూనే ఉంటే థ్రెడ్ పోయినట్టే. అప్పుడు టెఫ్లాన్ టేపు చుట్టి, పైన ఎం-సీల్ పెట్టి బండి తీయకండి. హెలికాయిల్, అంటే స్ప్రింగులాంటి తీగచుట్ట, వేయిస్తే కొత్త థ్రెడ్ వస్తుంది, లేకపోతే చాంబర్ మార్చాలి. దారిలో ఆ నట్టు ఊడితే నిమిషాల్లో ఇంజిన్ పట్టేస్తుంది.

ఇప్పుడు ఫిల్టర్. దీని దగ్గర జరిగే పొరపాటు ఒక్కటే, కానీ చాలా పెద్దది. పాత ఫిల్టర్ విప్పినప్పుడు దాని రబ్బరు రింగు ఫిల్టర్‌తో పాటు రావాలి. ఒక్కోసారి రాదు. వేడికి అతుక్కుపోయి ఇంజిన్ వైపే ఉండిపోతుంది. నల్లటి రింగు, చుట్టూ నల్లటి ఆయిల్, అది అక్కడి భాగమేమో అనిపిస్తుంది, కంటికి అసలు తెలియదు. దానిమీద కొత్త ఫిల్టర్ పెడితే రబ్బరు మీద రబ్బరు. బిగించినప్పుడు బాగానే ఉంటుంది, ఇంజిన్ ఆన్ చేశాక ప్రెషర్ పెరగగానే పై రబ్బరు పక్కకి జారి ఆయిల్ మొత్తం కొట్టేస్తుంది. అందుకని విప్పిన ఫిల్టర్‌ని తిప్పి చూడండి, రబ్బరు ఉందా? ఉంటే సరే. లేకపోతే ఇంజిన్ వైపు వేలితో తడిమి లాగెయ్యండి. ఉన్నా సరే, ఆ చుట్టూ ఒకసారి గుడ్డతో తుడిచి వేలితో తడమండి. ఇది అలవాటు చేసుకోండి, దయచేసి.

కొత్త ఫిల్టర్ రబ్బరుకి కొత్త ఆయిల్ కొద్దిగా వేలితో రాయాలి. చేత్తోనే తిప్పుతూ, రబ్బరు ఆనిన దగ్గర నుంచి ముప్పావు చుట్టు. ఫిల్టర్ మీదే రాసి ఉంటుంది సాధారణంగా. పానా పెట్టి బిగించకండి, విప్పడానికే పానా. చాలా డీజిల్ బండ్లకి, కొన్ని పెట్రోల్ బండ్లకి డబ్బా ఫిల్టర్ ఉండదు, మూత లోపల కాగితం ఫిల్టర్ ఉంటుంది. దానికి ఓ-రింగులు ఇస్తారు, అవి ఏ గాడిలోవి ఆ గాడిలోనే పడాలి. పాతది తీసేముందు ఫోన్‌లో ఫోటో తీసుకోండి.

ఒక అమ్మ అడుగుతున్నారు, ప్రతిసారీ ఫిల్టర్ మార్చాలా అని. మార్చాలమ్మా. పాత ఫిల్టర్‌లో మురికి ఆయిల్ కొంత ఉండిపోతుంది, అది కొత్తదాంట్లో కలుస్తుంది. ఆయిల్‌తో పోలిస్తే ఫిల్టర్ ఖరీదు చాలా తక్కువ.

పోసేటప్పుడు కొలత. పుస్తకంలో రెండు అంకెలు ఉంటాయి, ఫిల్టర్ మారిస్తే ఇంత, మార్చకపోతే ఇంత అని. చిన్న పెట్రోల్ కార్లకి చాలావాటికి మూడు, మూడున్నర లీటర్లు. డబ్బా నాలుగు లీటర్లది కొన్నాం కదా, మిగల్చడం ఎందుకని మొత్తం పోసేస్తారు. అలా చెయ్యకూడదు. ఆయిల్ మట్టం ఎక్కువైతే ఇంజిన్ కింద తిరిగే ఇరుసు, అదే క్రాంక్‌షాఫ్ట్, దాంట్లో మునిగి మజ్జిగ చిలికినట్టు చిలుకుతుంది, నురగ వస్తుంది. ఆ నురగని పంపు సరిగ్గా తోయలేదు, ప్రెషర్ పడిపోతుంది, సీళ్ల దగ్గర కారడం మొదలవుతుంది, కొంత ఆయిల్ గాలి దారిలోకి పోయి కాలి పొగ వస్తుంది, ఆ పొగతో, సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా పాడవుతుంది. ఆయిల్ తక్కువైతే ప్రమాదమని అందరికీ తెలుసు, ఎక్కువైనా ప్రమాదమేనని మాత్రం ఎందుకో ఎవరూ పట్టించుకోరు.

అందుకని అర లీటరు తక్కువగా పోసి, మూత పెట్టి, ఇంజిన్ ఆన్ చేసి ఒక నిమిషం ఉంచి ఆపి, ఐదు నిమిషాలాగి, చదునైన నేల మీద డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టి చూడాలి. అప్పుడు కొంచెం కొంచెం పోస్తూ పై గీత దగ్గరికి తెచ్చుకోవాలి, దాటకుండా. పొరపాటున ఎక్కువైపోయిందా, కంగారు లేదు, పెద్ద సిరంజికి సన్నటి పైపు తగిలించి డిప్‌స్టిక్ దారిలోంచి లాగెయ్యొచ్చు.

ఇంకో జాగ్రత్త, చాలా చిన్నది. నట్టు, ఫిల్టర్, కొత్త ఆయిల్, పైమూత ఈ నాలుగూ అయ్యేదాకా కారు తాళం మీ జేబులో ఉండకూడదు. ఇంట్లో ఇచ్చి రండి. మధ్యలో ఫోనొస్తుంది, ఎవరో బండి అడ్డం తియ్యమంటారు, ఆయిల్ లేకుండానే స్టార్ట్ చేసేస్తారు. ఇలా పోయిన ఇంజిన్లు నేను చూశాను.

మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఎర్రటి ఆయిల్ లైటు రెండు మూడు సెకన్లు వెలుగుతుంది, ఫిల్టర్ ఖాళీగా ఉంది కదా, నిండేదాకా. దానికి భయపడకండి, యాక్సిలరేటర్ మాత్రం తొక్కకండి. ఐదారు సెకన్లు దాటినా ఆరకపోతే వెంటనే ఆపేసి కింద చూడండి. ఆ లైటు చెప్పేది ఆయిల్ ఎంతుందని కాదు, ప్రెషర్ లేదని. దారిలో ఎప్పుడు వెలిగినా పక్కకి తీసి ఆపాల్సిందే, ఇంటిదాకా పోదాం అనుకోకూడదు. ఆ మొదటి స్టార్ట్ అయి ఇంజిన్ ఆపాక ఫిల్టర్ చుట్టూ, నట్టు చుట్టూ టార్చి వేసి చూడండి. రాత్రి కింద అట్ట పరిచి, పొద్దున్న చుక్కలు పడ్డాయేమో చూడండి. రెండు రోజులు తిరిగాక డిప్‌స్టిక్ ఇంకోసారి.

అక్కర్లేని టెన్షన్లు

ఇప్పుడు మీరు ఎక్కువగా అడిగేవి, నేను తక్కువగా చెప్పేవి.

నల్లబడిపోయింది, పాడైపోయిందా? డీజిల్ బండిలో కొత్త ఆయిల్ పోసి కొద్దిదూరం తిప్పగానే నల్లబడుతుంది. మసిని తనలో పట్టి ఉంచడమే దాని పని, ఆ పని చేస్తోందన్నమాట. నలుపుకి భయపడకండి. పాలు కలిపిన కాఫీ రంగులో చిక్కగా ఉంటే మాత్రం భయపడండి, ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ అందులో కలుస్తోందేమో చూపించండి. మూత కింద మాత్రం కాస్త తెల్లటి జిడ్డు ఉండి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే అది చాలాసార్లు చిన్న ట్రిప్పుల వల్ల పట్టిన తేమే. బీఎస్-6 డీజిల్ వాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. మీరు పొయ్యకుండానే మట్టం పెరుగుతోందా? పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది వీటికి, ఆ మసి ఫిల్టర్ పట్టిన మసిని కాల్చి శుభ్రం చేసుకునేటప్పుడు డీజిల్ కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. సిటీలో చిన్న ట్రిప్పులు తిరిగే బండ్లకి ఇది ఎక్కువ. పై గీత దాటితే మార్చెయ్యాలి.

మన ఎండలకి చిక్కటి ఆయిల్ వెయ్యమని మెకానిక్ అన్నాడు, వెయ్యాలా? ఇది ప్రతి ఎండాకాలం వినే మాట. 5డబ్ల్యూ-30 అని ఉంటుంది కదా, డబ్ల్యూ ముందు అంకె చలిలో ఎలా పారుతుందో చెబుతుంది, ఆ పరీక్ష మైనస్ 30 డిగ్రీల దగ్గర చేస్తారు. వెనక అంకె 100 డిగ్రీల వేడిలో చిక్కదనం. బయట హైదరాబాద్ ఎండ 42 ఉన్నా, జనవరి పొద్దున్న 14 ఉన్నా, థర్మోస్టాట్ ఇంజిన్ నీళ్లని ఇంచుమించు 90 దగ్గరే ఉంచుతుంది. మరి ఎండకి గ్రేడు ఎందుకు మార్చాలి? ఇప్పటి చాలా ఇంజిన్లలో వాల్వులు తెరుచుకునే సమయం ముందూ వెనకా జరిగేది కూడా ఆయిల్ ప్రెషర్‌తోనే, దారులు చాలా సన్నం. 0డబ్ల్యూ-16 రాసిన ఇంజిన్‌లో 20డబ్ల్యూ-40 పోస్తే మైలేజీ పడిపోతుంది, పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు పైదాకా ఎక్కడం ఆలస్యమవుతుంది. పుస్తకంలో ఏ గ్రేడు ఇచ్చారో అదే, వాళ్లే రెండు మూడు గ్రేడులు ఇస్తే వాటిలో ఏదైనా.

డబ్బా వెనక గుండ్రటి ముద్ర ఉంటుంది, పైన ఏపీఐ ఎస్ఎన్ అనో ఎస్పీ అనో, మధ్యలో గ్రేడు. ఏపీఐ అంటే అమెరికా పెట్రోలియం సంస్థ, ఆ అక్షరాలు ఆయిల్ నాణ్యత స్థాయి. ఎస్పీ 2020లో వచ్చింది, పెట్రోల్ కార్లకి పాతవాటి స్థానంలో మామూలుగా వాడుకోవచ్చు. గ్రేడు, ఈ ముద్ర రెండూ కలిస్తే కంపెనీ ఏదైనా ఫర్వాలేదు. మసి ఫిల్టర్ ఉన్న డీజిల్‌కి మాత్రం పుస్తకంలో రాసిన ప్రమాణమే ఉండాలి, బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ కావాలి దానికి. సింథటిక్‌లో మినరల్ కలిస్తే గడ్డకడుతుందా అంటే, కట్టదు. దారిలో తక్కువైనప్పుడు దొరికింది పోసుకుని రావచ్చు, తర్వాత మార్చుకోండి. బైకు ఆయిల్ మిగిలింది, కారులో పొయ్యొచ్చా అని ఆ బాబు అడుగుతున్నాడు. వద్దు. కారు ఆయిల్ బైకులో అసలే వద్దు, ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్ జారిపోతుంది.

నకిలీ ఆయిల్ గురించి టెన్షన్ పడటం మాత్రం న్యాయమే. రాణిగంజ్‌లో కొన్నా, పుత్లీబౌలి వైపు కొన్నా, ఇంటర్నెట్‌లో కొన్నా, కంపెనీ డీలరా కాదా చూసుకోండి, బిల్లు తీసుకోండి. మూత సీలు, డబ్బా మీద బ్యాచ్ నంబరు, తేదీ చెరిగిపోయి ఉన్నాయేమో చూడండి. మరీ చవగ్గా ఇస్తున్నారంటే అడగండి ఎందుకని. మనవైపు నుంచి చెయ్యగలిగింది ఒకటుంది. ఖాళీ డబ్బాని మూతతో సహా పాతసామాన్లవాడికి ఇవ్వకండి. కత్తితో కోసి ఇవ్వండి. నకిలీ ఆయిల్ నింపేది ఆ డబ్బాల్లోనే.

పాత ఆయిల్ ఏం చెయ్యాలి

ఇది నాకు చాలా ముఖ్యం, ఇంకొక్క ఐదు నిమిషాలు. దింపిన మూడున్నర లీటర్లు ఎక్కడికి పోతున్నాయి? సెల్లార్ జాలీలోకి పోస్తారు, వాన నీళ్ల కాలవలోకి పోస్తారు. మన కాలవ ఎక్కడికి పోతుంది? కూకట్‌పల్లి నాలాలోకి. కూకట్‌పల్లి నాలా ఎక్కడికి పోతుంది? హుస్సేన్‌సాగర్‌లోకి. ఒక్క కారు పాత ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీళ్లని పాడుచెయ్యగలదని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతుంది. మన దేశంలో 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల కింద పాత ఆయిల్ రిజిస్టర్ అయిన రీసైక్లర్లకే చేరాలి, 2024 ఏప్రిల్ 1 నుంచి దాన్ని వెనక్కి చేర్చే బాధ్యత తయారుచేసే కంపెనీల మీద కూడా పెట్టారు.

సెంట్రింగ్ షీట్లకి పూసుకుంటామని బిల్డింగ్ మేస్త్రీలు అడుగుతారు, తలుపులకి చెదలు పట్టకుండా రాస్తామని అడుగుతారు. ఇవ్వకండి. కూలీల చేతులకి అంటుతుంది, వానకి కడుక్కుపోయి మళ్లీ అదే నాలాకి చేరుతుంది. కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోనే పాతది గరాటుతో నింపి మూత పెట్టండి. పాత ఫిల్టర్‌ని తలకిందులుగా ఒక రాత్రి ఉంచి, అందులోది కూడా దింపండి. పెద్ద వర్క్‌షాపుల్లో పాత ఆయిల్ డ్రమ్ములు ఉంటాయి, వెళ్లి మర్యాదగా అడిగితే చాలామంది తీసుకుంటారు. మీరు ఈ పాత ఆయిల్ ఎవరికి అమ్ముతారండీ అని కూడా అడగండి. ఆయిల్ పోశాక ఆ ఖాళీ డబ్బాని కోసెయ్యడం మర్చిపోకండి.

అసోసియేషన్‌వాళ్లు ఇక్కడే ఉన్నారు కదా, మిమ్మల్నొకటి అడుగుతాను. సెల్లార్‌లో జనరేటర్ పక్కన మూత ఉన్న డ్రమ్ము ఒకటి పెట్టండి. జనరేటర్ ఆయిల్ కూడా మారుస్తారు కదా, అదీ ఇదీ కలిపి నిండాక రిజిస్టర్ అయిన రీసైక్లర్‌ని పిలవండి. ఒక్కో ఇంటి నుంచి మూడు లీటర్ల కోసం ఎవరూ రారు, డ్రమ్ము నిండా ఉంటే రావచ్చు. ఏమంటారు? సరే, మీటింగులో పెడతామంటున్నారు, సంతోషం.

ఇక సెల్లార్‌లోకి పదండి. ఆ తెల్ల కారుకి నేను స్టాండ్లు పెట్టించే ఉంచాను, నట్టు, ఫిల్టర్ మీలో ఎవరైనా విప్పుతారు, నేను పక్కన ఉంటాను. పిల్లల్ని దూరంగా ఉంచండి. ముందు బండిని ఊపి చూసేది ఎవరు? మీరా బాబూ, రండి, గ్లౌజులు అక్కడ బల్ల మీద ఉన్నాయి.